ఒకటో మూల

కోదాడ,
నవంబరు మొదటి వారం

బావకు,

ములాఖత్‌లో నువ్వు చెప్పింది సగం కూడా వినపడలేదు. ఆ జాలీకి అటు పదిమంది, ఇటు పదిమంది, అందరూ ఒకేసారి అరుస్తుంటే చేపల మార్కెట్ నయమనిపించింది. నువ్వు గాల్లో వేళ్లతో ఏదో గీసి చూపించావు. అర్థమైనట్టు తల ఊపాను కానీ ఏమీ కాలేదు. అందుకే ఇక ఉత్తరాలే దిక్కు. మేనమామ కూతురే కదా, ఉత్తరం ఎందుకులే అని పెళ్లికి ముందు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. ఇప్పుడు రాయి.

సూర్యాపేట వెళ్లి లాయరు గారిని కలిశాను. బెయిలు మళ్లీ కొట్టేశారు. మీ షెడ్డు యజమాని ముత్తయ్య సేటు పోలీసులకు చెప్పింది చదివి వినిపించారు. మిర్యాలగూడ మిల్లులో పై అంతస్తు నుంచి కిందికి వడ్లు జారే ఇనుప గొట్టం నీ డ్రాయింగు తప్పు వల్లే ఊడిపడిందట. కింద ఉన్న హమాలీ బీక్యా చావుకు నువ్వే కారణమట. షెడ్డులో గొట్టం చేసినవాళ్లూ, మిల్లులో బిగించినవాళ్లూ నీ గీతను నమ్మి మోసపోయారట. "గీత సరిగ్గానే ఉందని చూపిస్తే నాకు మాట్లాడటానికి ఏదన్నా దొరుకుతుందమ్మా" అన్నారు లాయరు గారు. చూపించేది ఎవరు? షెడ్డులో నీ పక్కన కూర్చుని చాయ్ తాగినవాళ్లెవరూ నా ఫోను ఎత్తడం లేదు. కంప్యూటరు గదికి సేటు తాళం వేసుకున్నాడు.

మనింట్లో నీ లాప్‌టాప్ ఉంది కదా, అది తెరిచాను. పాస్‌వర్డ్ నా పేరే పెట్టుకున్నావు, సంతోషం. అందులో గొట్టం లేదు, దాని గీతలున్నాయి. పైన ఒక నాలుగు పక్కల ఆకారం, కింద ఇంకొకటి, వాటి మధ్య వంపు తిరిగిన నాలుగు గీతలు. పై ఆకారాన్నీ కింది ఆకారాన్నీ కలిపి నిండు గొట్టంగా చేయడాన్ని లాఫ్ట్ అంటారని నువ్వొకసారి చెబుతుంటే కాజాలు కుడుతూ విన్నాను. ఆ లాఫ్ట్ గుర్తు నొక్కితే ఎర్రగా ఏదో రాసి మొరాయించింది.

నేను బ్లౌజులు కుట్టేదాన్ని. ఇదంతా నాకు కొత్త. అయినా నువ్వు చెబితే చేస్తాను. ముందు ఏది చూడాలి, తర్వాత ఏది చూడాలి, చిన్నపిల్లకు చెప్పినట్టు రాయి. రాత్రి పడుకుంటే ఇంటి గోడలు నా మీదికి జరిగినట్టుంటోంది. ఏదో ఒక పని చేతిలో లేకపోతే పిచ్చెక్కేటట్టుంది.

అమ్మా నాన్నా బాగానే ఉన్నారు.

నీ సుమ


మిర్యాలగూడ, సబ్ జైలు

సుమకు,

ఉత్తరం అందింది. ఇక్కడ ముందు వాళ్లు చదివి, తర్వాత మాకిస్తారు. పాస్‌వర్డ్ సంగతి చదివి వార్డరు నవ్వాడు, నా పరువు తీశావు.

నీకెందుకు ఈ తలనొప్పి అని రాద్దామనుకున్నాను. కానీ నీ మొండితనం నాకు తెలియనిది కాదు. సరే, విను. లాఫ్ట్ మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది ప్రొఫైళ్లను, అంటే నువ్వు చెప్పిన ఆ పై ఆకారం, కింది ఆకారం. ఏ ప్రొఫైల్ అయినా చుట్టూ మూసుకుని ఉండాలి. కంటికి మూసుకున్నట్టే కనిపిస్తుంది కానీ ఏదో ఒక మూలలో వెంట్రుకవాసి సందు ఉంటుంది. మౌస్ చక్రం తిప్పి ఒక్కో మూలను పెద్దది చేసి చూడు. తర్వాత ఒక గీత మీద ఇంకో గీత పడుకుని ఉందేమో చూడు. పై గీతను పక్కకు లాగితే కింద ఇంకోటి బయటపడుతుంది. అలాంటిది ఉంటే తీసెయ్యి. రెండు ప్రొఫైళ్లలోనూ పక్కల లెక్క ఒకటే ఉండాలి. ఆ మిల్లు పాతది, పై స్లాబును సుత్తెలతో పగలగొట్టి నోరు తెరిచారు కాబట్టి నాలుగు పక్కలూ నాలుగు కొలతలు. చూడ్డానికి చదరంలా ఉన్నా చదరం కాదు. అది తప్పు అనుకుని సరిచేయకు.

ఇక్కడ సంగతులు రాయడానికి ఏముంది? పొద్దున లెక్కపెడతారు, సాయంత్రం లెక్కపెడతారు. మధ్యలో గోడ చూస్తాను. నిద్రపట్టక గోడ పగుళ్లను గీతలుగా కలిపి చూస్తుంటాను. బయట ఉన్నప్పుడు స్క్రీను ముందు నుంచి లేవాలంటే విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు లేచినా పోవడానికి చోటు లేదు. ఊపిరాడడం లేదు సుమా, ఈ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పను.

మామ పనికి పోతున్నాడా? ముత్తయ్య సేటు బిగింపు పనులన్నీ మామ చేతి మీదే నడిచేవి కదా, ఇప్పుడెవరు చూస్తున్నారు? అత్తమ్మను అడిగానని చెప్పు.

వెంకట్


కోదాడ,
నవంబరు చివర

బావకు,

సందు దొరికింది! కింది ఆకారంలో తలుపు వైపు మూల దగ్గర, చీమ కూడా దూరనంత. మూసేశాను. గీత మీద గీత కూడా ఒకటుంది, తీసేశాను. నాకే నేను గురువునైనంత గర్వమొచ్చింది. మళ్లీ లాఫ్ట్ నొక్కాను. ఈసారి వేరే పాట అందుకుంది. గైడ్ గీతలు ప్రొఫైల్‌ను తాకడం లేదంటోంది. గైడ్లంటే ఆ వంపు గీతలేనని దాని సహాయం పేజీ చూసి తెలుసుకున్నాను. పెద్దది చేసి చూస్తే నిజమే. కింద నాలుగూ మూలల్లో సరిగ్గా కూర్చున్నాయి. పైన మాత్రం ఒక్కటీ మూలను తాకడం లేదు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. లాగి తాకిద్దామా అంటే నీ కొలతలు చెడిపోతాయేమోనని భయం. ఏం చేయాలి?

మొన్న కోర్టు వరండాలో బీక్యా భార్య జమ్లీ కనిపించింది. దామరచర్ల దగ్గరి తండా నుంచి వచ్చిందట, చంకలో బిడ్డ. నేనెవరో తెలిస్తే తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా పక్కనే కూర్చుని అడిగింది: "అక్కా, కాగితం మీద గీత తప్పయితే మనిషెట్ల చస్తడు? గా గీత పట్టుకొని ఇనుమును పైకి లేపినోళ్లకు కండ్లు లెవ్వా?" బస్సులో వస్తూ ఏడ్చాను. నీ కోసమో ఆమె కోసమో నాకే తెలియలేదు.

బాగానే ఉన్నారని రాశాను కదా, అది అబద్ధం. నాన్న పనికి పోవడం లేదు. అన్నం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటాడు. నీ పేరెత్తితే బయటికి నడుస్తాడు. ముత్తయ్య సేటు కారులో వచ్చి, యాపిళ్లు ఇచ్చి, నాన్నను గల్లీ చివరికి తీసుకుపోయి మాట్లాడి వెళ్లాడు. ఏమన్నాడని అడిగితే "పనిల చేరమంటుండు" అన్నాడు నాన్న. ఆ పండ్లు ఎవరూ ముట్టలేదు.

సుమ


మిర్యాలగూడ, సబ్ జైలు

సుమకు,

గైడ్ గీతలు తీసెయ్యి. వాటితో పనిలేదు. నాలుగింటినీ ఎంచుకుని డిలీట్ కొట్టు, తర్వాత రెండు ప్రొఫైళ్లతోనే లాఫ్ట్ చెయ్యి. నున్నగా వస్తుంది. దాన్ని ప్రింటు తీసి లాయరు గారికి ఇచ్చెయ్యి. ఇంతటితో ఆ లాప్‌టాప్ మూసెయ్యి.

పెళ్లిళ్ల కాలం కదా, కుట్టుపని వదులుకోకు. మామను ఏమీ అడగకు. పెద్దాయన, మనసు బాగాలేదు. జమ్లీతో మాట్లాడొద్దు, కేసు నడుస్తోంది.

ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు.

వెంకట్


కోదాడ,
డిసెంబరు

బావకు,

నీ చివరి ఉత్తరం చదివి కోపమొచ్చింది. ఆర్డర్లు వేస్తున్నావు. అయినా చెప్పినట్టే చేశాను. గైడ్లు తీసేస్తే లాఫ్ట్ ఒక్క నొక్కుకే వచ్చింది. వంపు తిరిగి, ఎంత నున్నగా ఉందో! ప్రింటు తీయించుకుని పరుగున సూర్యాపేట వెళ్లాను. లాయరు గారు అటూ ఇటూ తిప్పి చూసి, "ఊడిపడ్డ గొట్టం కూడా ఇలాగే ఉందమ్మా. ఇది దాని ఫొటో లాంటిది. దీనితో ఏం చెప్పను?" అన్నారు. బస్టాండులో కూర్చుని ఆ కాగితం వంక ఎంతసేపు చూశానో.

బావా, నాకు తెలిసింది కుట్టుపని ఒక్కటే. కుడి చేతిని ఎడమ చంకకు అతికినా కుట్టు పడుతుంది. చూడ్డానికి చేయిలాగే ఉంటుంది. తొడుక్కున్నాకే పట్టేస్తుంది. అప్పుడు చూడాల్సింది కుట్టును కాదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టామన్నది. ఇంటికి రాగానే తీసేసిన గైడ్లను వెనక్కి తెచ్చాను. పై ఆకారాన్ని పట్టుకుని ఒక్క మూల పక్కకు తిప్పాను. అంతే. నాలుగు గైడ్లూ నాలుగు మూలలను తాకాయి. లాఫ్ట్ నొక్కితే కిక్కురుమనకుండా వచ్చింది.

కొలతలు ఒకటో మూల నుంచి వరసగా రాసుకుంటారు కదా. అంటే పైన కొలిచినవాళ్ల ఒకటో మూల వేరు, నీ ఒకటో మూల వేరు. కింద కొలిచింది నువ్వు. పైన కొలిచిందెవరో నాకు తెలుసు. ఆ రోజు పొద్దున మా నాన్నకు చద్దన్నం మూట కట్టిందాన్ని నేనే కదా.

మామను ఏమీ అడగకు అన్నావు. అడిగాను. "నాన్నా, కొలిచేటప్పుడు ఒకటో మూల అంటే ఏ మూల?" అంటే నన్ను వింతగా చూశాడు.

"ఈశాన్యమే బిడ్డా, ఇంకేముంటది? ఇంటికి ముగ్గు పోసినా, బోరుకు గుంత తవ్వినా గాన్నించే షురూ జేస్తం. మా నాయిన గట్లనే నేర్పిండు."

"మరి బావ?"

"వాడు తలుపుల అడుగు పెట్టంగనే ఎడమ చెయ్యి దిక్కున్నది ఒకటంటడు. కాలేజీల గట్ల జెప్పిన్రంట." అని ఆగిపోయాడు. ఆ మిల్లు తలుపు తూర్పుకు ఉంది. లోపలికి పోతే ఎడమ చేతికి వచ్చేది ఆగ్నేయం. నాన్న ముఖం చూస్తుండగానే పాలిపోయింది.

అప్పుడు మిగతాది కూడా చెప్పాడు. ఇన్ని రోజులు ఆయన దాచుకున్నది ఇదే. "బోల్టు బొక్కలు కలుస్తలెవ్వు సేటూ, దించుదాం అన్న. లారీలు నిలబడ్డయ్ గౌరయ్యా, ఎట్లనో అట్ల కలుపు అన్నడు. చైన్ పుల్లీ ఏసి గుంజినం. రెండు దిక్కుల అంచు పగిలింది, మీదికెళ్లి వెల్డింగు పెట్టిన్రు. గుంజింది నేనే బిడ్డా." బీక్యా కింద గోనెసంచులు పరుస్తున్నాడట. వడ్లు వదలగానే ఆ బరువుకు గొట్టం ఊడింది.

నువ్వు గైడ్లు తీసెయ్యమన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. నీకు ముందే తెలుసు కదా? ఇంకెక్కడెక్కడో వెతికించావు నాతో. ఈ ఉత్తరం చదివేవాళ్లు చదువుకోనీ, నాకిప్పుడు ఎవరి భయం లేదు. ఉన్న భయమల్లా ఒకటే. చెబితే నాన్న, చెప్పకపోతే నువ్వు. ఇటు తిరిగినా గోడే, అటు తిరిగినా గోడే. నువ్వు కనీసం జైల్లో ఉన్నానని చెప్పుకోగలవు. నేను ఎక్కడున్నానని చెప్పను?

లాయరు గారికి ఇంకా ఏమీ చెప్పలేదు. నీ మాట కోసం చూస్తాను.

సుమ


మిర్యాలగూడ, సబ్ జైలు

సుమా,

తెలుసు. గొట్టం పడిన రోజు పొద్దునే తెలిసింది.

ఆ గైడ్లు తర్వాత గీసినవి. పై నోటి నాలుగు మూలల నుంచి గుండు కట్టిన దారం వదిలి, అది కింద ఎక్కడికి వస్తుందో కొలుచుకోవాలి. ఆ కొలతలు తెచ్చేదాకా రేకు కోయించొద్దని సేటుకు చెప్పాను. సీజను, లారీలు అంటూ ఆగలేదు, నేను తెచ్చేలోపు గొట్టం తయారైపోయింది. అయినా మనసొప్పక ఆ పొద్దున ఇంట్లో కూర్చుని గీశాను. ఒక్క గైడూ తాకలేదు. మామ ఒకటో మూల ఈశాన్యమని అప్పుడు తట్టింది. ఆయన ఇంట్లో పెరిగినవాణ్ణి, కొలిచే ముందే ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. మామకు ఫోన్ చేస్తూనే బస్సెక్కాను. ఎత్తలేదు. అప్పటికి ఆయన రెండు చేతులూ గొలుసు మీద ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను మిల్లు గేటు దగ్గర దిగుతుండగానే గొట్టం పడిన చప్పుడు విన్నాను.

ఇది లాయరుకు చెప్పకు. అడగడం కాదు, వేడుకుంటున్నాను. చెబితే సేటు ఒక్క మాటతో తప్పించుకుంటాడు. కొలిచింది గౌరయ్యే, గుంజింది గౌరయ్యే అంటాడు. మా నాన్న పోయినప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని మీ ఇంటికి తెచ్చినవాడు మామ. టేపు పట్టడం నేర్పింది ఆయనే, డిప్లొమా చదివించింది ఆయనే. నేను వయసులో ఉన్నవాణ్ణి, ఎంతకాలమైనా ఉంటాను. ఈ గోడల మధ్య మామ ఉండలేడు. మొన్నొక ముసలాయనను తెచ్చారు. రాత్రంతా తలుపు దగ్గరే నిలబడి ఇంటికి పోతానని ఏడ్చాడు. ఆయన ముఖంలో నాకు మామే కనిపించాడు.

నాకు భయంగా లేదనుకోకు. సాయంత్రం లెక్కపెట్టి తాళం వేసే చప్పుడు వినపడకుండా రోజూ చెవులు మూసుకుంటాను. అయినా ఇదే నయం. నా మాట విను సుమా.

వెంకట్


కోదాడ,
సంక్రాంతి దాటాక

బావా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను అమ్మావాళ్లింట్లో ఉన్నాను, నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. "ఏం రాసిండు?" అని అడిగాడు. బాగున్నాడట అని చెప్పి లోపలికి పోవచ్చు. రెండు మూడు క్షణాలు అదే చేద్దామనుకున్నాను. కానీ ఆయన పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆ ముసలాయన సంగతి కూడా వదల్లేదు. ఎవరు ఏమన్నా సరే, చదివింది నేనే. అది నీకు తెలియాలి.

అంతా విని, "నేనుండలేనని వాడెట్ల జెప్తడు?" అన్నాడు. ముఖం కడుక్కుని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, "సూర్యాపేట బస్సు ఏ యాళ్లకు ఉంటది?" అని అడిగాడు. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "నీ మొగని కోసం నా మొగన్ని తోలుకపోతున్నవా?" అంది నన్ను. అది నిజమే కదా. నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

లాయరు గారి ముందు నేను లాప్‌టాప్ తెరిచాను. గైడ్లు తాకకపోవడం, పై ఆకారాన్ని ఒక మూల తిప్పితే నాలుగూ తాకడం చూపించాను. అలా ఒక మూల తప్పిన గొట్టం దానంతట అది ఆ నోటికి బిగిసేది కాదని, బలవంతంగా గుంజితేనే కూర్చుంటుందని నాన్న చెప్పాడు. ఈశాన్యం సంగతీ, సేటు దించనివ్వకపోవడమూ, గొలుసు గుంజడమూ ఏదీ దాచలేదు. "మీ మీద కూడా కేసు పెడతారండీ, ఆలోచించుకోండి" అని లాయరు గారు మళ్లీ మళ్లీ చెప్పారు. నాన్న ఒక్కటే అన్నాడు: "ఆ లంబాడోళ్ల బిడ్డ నా కూతుర్ని అడిగిందంట, పైకి లేపినోళ్లకు కండ్లు లెవ్వా అని. ఉన్నయని జెప్పాలె గద సారూ."

తర్వాత అన్నీ వరసగా జరిగిపోయాయి. నాన్న పోలీసుల ముందు కూడా అదే చెప్పాడు. వెల్డింగు పెట్టినవాళ్లలో ఒకడు, పేరు వినోద్, నాన్న చెప్పింది నిజమేనని ముందుకొచ్చాడు. ముత్తయ్య సేటును స్టేషనుకు పిలిచారు, ఆయన దవాఖానలో పడుకున్నాడట. నీ బెయిలు మీద సోమవారం వాదనలు. ఈసారి వస్తుందని లాయరు గారు గట్టిగా చెబుతున్నారు. నువ్వు బయటికి వస్తున్నావు బావా. ఈ మాట రాయడానికి ఎన్ని నెలలు ఎదురుచూశానో. రాస్తుంటే సంతోషం రావడం లేదు. నన్ను క్షమించు.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఒకే గల్లీలో ఉండి, నేను ఎదురొస్తే పక్క ఇంట్లోకి పోతుంది. నువ్వు పలకరిస్తే మాట్లాడుతుందేమో తెలియదు. నువ్వు వచ్చాక ఇద్దరం ఆమె ముందు కూర్చుందాం. తిడితే పడదాం.

నిన్న పొద్దున పోలీసులు నాన్నను మిర్యాలగూడ తీసుకుపోయారు. సంతకాల కోసమన్నారు. రాత్రికి తిరిగి రాలేదు. ఇవాళ ఫోన్ చేస్తే రిమాండుకు పంపారన్నారు. ఏ జైలుకో ఇంకా చెప్పలేదు. నువ్వున్న చోటికే తెస్తారేమో అని లాయరు గారి అనుమానం. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఆయన నీ పక్కనే ఉండొచ్చు.

వస్తే ముందు ఆయన మీద అరవకు. ఎందుకు చెప్పావని అడగకు. గోడ పక్కన చోటు చూపించు. బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలి, అడిగి వేయించు. సోమవారం నీకు విడుదల వస్తే, నీ దుప్పటి ఆయనకిచ్చి రా. నాన్నకు చలి ఆగదు.

సుమ